నిదానమే ప్రధానం

నాకు పుస్తకాలతో ఉన్నంత పరిచయం యంత్రాలతో లేదు. కారు నడపడం వచ్చు. అది ఎందుకు నడుస్తున్నదో తెలియదు. కనుక అది మొరాయించినప్పుడు ఎందుకు మొరాయించిందో కూడా తెలియదు. ఇటువంటివాడు కారు కిటికీ అద్దాన్ని గురించి వ్యాసం రాయబూనడం సాహసమే. అయినా ఒక అద్దం నన్ను ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ తిప్పి ఒక పాఠం చెప్పింది. ఆ పాఠంలో నా తప్పు పాలు ఎక్కువ కాబట్టి, ఇక్కడ ఒప్పుకుంటే కొంత భారం తగ్గుతుందని ఆశ.

2023 ఏప్రిల్ ఆఖరి వారం. పులివెందులలో బంధువుల ఇంట పెళ్ళి. ప్రొద్దుటూరులో ఉండే మా అక్కను, ఆమె కూతురిని ఎక్కించుకుని, జమ్మలమడుగులో పెద్దమ్మను కలుపుకుని, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాలని ఏర్పాటు. అక్క కూతురికి ఆరేళ్ళు. వెనుక సీటులో ఎడమ పక్కన కూర్చుని, వీధిలో ఉన్న స్నేహితురాలికి చెయ్యి ఊపడానికి మీట నొక్కి అద్దం దించింది. చెయ్యి ఊపడం పూర్తయింది గానీ అద్దం మళ్ళీ పైకి రాలేదు. ఆ తలుపు మీద ఉన్న మీట నొక్కినా, నా పక్కన ఉన్న మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మిగిలిన మూడు కిటికీలూ భేషుగ్గా పనిచేస్తున్నాయి.

ప్రొద్దుటూరులోనే ఒక మరమ్మతు కేంద్రానికి తీసుకువెళ్ళాను. అక్కడి కుర్రవాడు మీటను రెండుసార్లు నొక్కి చూసి, "మోటరు పోయింది సార్. సెట్టు మార్చాల" అన్నాడు. సెట్టు అంటే మోటారు, దానితోపాటు అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటరు. ధర తొమ్మిది వేల చిల్లర. తెప్పించడానికి రెండు రోజులు. తలుపు విప్పలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు. అచ్చువేసిన ధరల పట్టిక చూపించగానే బుద్ధిమంతుడిలా తల ఊపి, వెయ్యి రూపాయలు బయానా ఇచ్చి బయలుదేరాను.

జమ్మలమడుగు చేరేసరికి పదకొండు దాటింది. పెద్దమ్మకు డెబ్భై ఏళ్ళు, ఉబ్బసం. తెరిచి ఉన్న కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టి ఆ ఎండలో, బండల లారీల వెనుక దుమ్ములో ముద్దనూరు దారి పట్టాలంటే మనసొప్పలేదు. ఊళ్ళో ఒక ఎలక్ట్రికల్ దుకాణం దగ్గర ఆపాను. అక్కడి అబ్బాయి ఫ్యూజు తీసి చూశాడు. అది బాగానే ఉంది. అయినా దాన్ని పక్కన పడేసి, ముప్పై ఉండవలసిన చోట నలభై ఆంపియర్లది పెట్టి, "పెద్దది ఏస్తే లాగుతాది సార్" అన్నాడు. లాగలేదు. వంద రూపాయలు తీసుకున్నాడు. అదీ కిమ్మనకుండా ఇచ్చాను. పెద్దమ్మను ముందు సీటుకు మార్చి, వెనుక కిటికీకి ఒక దుప్పటి అడ్డం కట్టి, పెన్న వంతెన దాటి సాగిపోయాం. పులివెందుల చేరేసరికి కారు లోపల ఎర్రదుమ్ము, నల్లదుమ్ము రెండూ పొరలుగా పేరుకుని ఉన్నాయి. పెద్దమ్మ దారంతా దగ్గుతూనే ఉంది.

మరునాటి ఉదయం మా బావ నన్ను ఒక వేపచెట్టు కిందికి తీసుకువెళ్ళాడు. అక్కడ అరవై దాటిన పెద్దాయన ఒకరు లారీలకు, ట్రాక్టర్లకు వైరింగు పని చేస్తుంటాడు. రేకుల పందిరి, ఒక బల్ల, బల్లమీద ఒక పాత మల్టీమీటరు. కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఆయన అడిగిన మొదటి మాట ఇది:

"ఎట్ల దిగింది నాయనా? నొక్కితే దిగిందా, దానంతట అదే జారి పడిందా?"

నాకు తెలియదు. నేను ముందు సీటులో ఉన్నాను. వెనుకనుంచి మా మేనకోడలు, "నేనే నొక్కినా తాతా. మెల్లగా దిగింది" అంది.

"మళ్ళ ఎక్కించేటప్పుడు తలుపులో సద్దు వచ్చిందా?"

"రాలా."

"నొక్కింది ఈ తలుపు మీది స్విచ్చేనా, మీ మామ పక్కన ఉండేదా?"

"ఇదే."

ఆయన నావైపు తిరిగి నవ్వాడు. "దించిన మోటరే కదా నాయనా ఎక్కించేది. అది సచ్చింటే దించింది ఎవురు?"

రెండు ఊళ్ళలో ఇద్దరు పనివాళ్ళు, కారు యజమాని, ఇందరు పెద్దవాళ్ళం ఉండి, జరిగినదానికి ఏకైక సాక్షిని ఎవరమూ విచారించలేదు. ఆ పిల్ల నిన్నటినుంచీ మా వెనుకనే కూర్చుని ఉంది.

తరువాత ఆయన చేసిన పని వివరంగా చెబుతాను. ఎందుకంటే ఇందులో ఎవరైనా చేసి చూసుకోదగినవి ఉన్నాయి. ముందుగా జమ్మలమడుగు ఫ్యూజు పీకి, సరైనది పెట్టాడు. "ఇది మోటరుకు కాపలా కాదు, తీగకు కాపలా. పెద్దది పెడితే ఫ్యూజు మిగుల్తాది, తీగ కాల్తాది" అన్నాడు. ఆ తీగలు తివాచీ కింద, సీట్ల కింద పోతుంటాయి. అంటే నిన్న మధ్యాహ్నం నేను నా కుటుంబాన్ని ఎక్కించుకుని, నిప్పు అంటుకోవడానికి ఉన్న ఒక అడ్డును తొలగించుకుని ప్రయాణం చేశానన్నమాట.

పిమ్మట కారు లోపలి దీపం వెలిగించి, తాళంచెవి తిప్పి, ఇంజను వేయకుండా మీటను ఎక్కించే వైపు నొక్కమన్నాడు. దీపం చలించలేదు. దించే వైపు నొక్కమన్నాడు. అద్దం అప్పటికే అడుగున ఉంది, కదలడానికి చోటు లేదు. అయినా దీపం కాస్త మసకబారింది. మోటారు విద్యుత్తు పీల్చుకుంటే దీపానికి అందేది తగ్గుతుంది. దించే వైపు కరెంటు పారుతున్నది, ఎక్కించే వైపు పారడం లేదు. అద్దం బిగుసుకుపోయి ఎక్కకపోతే దీపం రెండు వైపులా మసకబారాలి. కాబట్టి మోటారు బాగుంది, అద్దం బిగుసుకోలేదు, ఫ్యూజు బాగుంది. ఎక్కడో దారి తెగింది. ఒక్క మేకు విప్పకుండా, ఒక చిన్న దీపంతో తేల్చిన విషయాలివి.

ఆఖరున మీటను ఎక్కించే వైపు నొక్కి పట్టుకోమని నాకు చెప్పి, తలుపును మెల్లగా మూస్తూ తెరుస్తూ పోయాడు. ఒకానొక కోణంలో అద్దం నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఆగింది. అంతే. బందుల దగ్గర, కారు దేహంనుంచి తలుపులోకి తీగలు పోయేచోట ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్ని వెనక్కు లాగి, తీగల్ని ఒక్కొక్కటే వేళ్ళతో వంచి చూశాడు. ఒకటి మెత్తగా మడిచింది. పైన ప్లాస్టిక్కు చెక్కుచెదరలేదు, లోపల రాగి తెగిపోయింది. పదేళ్ళుగా తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ ఆ తీగ అదే చోట వంగింది. కొత్త తీగను పొడవుగా తీసుకుని, అతుకులు వంగే చోట పడకుండా అటు స్తంభం లోపలికి, ఇటు తలుపు లోపలికి జరిపి, టంకం వేసి, తొడుగు కప్పాడు. అద్దం లేచింది. మా మేనకోడలు చప్పట్లు కొట్టింది. మొత్తం నలభై నిమిషాలు పట్టి ఉంటుంది. అందులో అతుకు వేయడానికి పట్టింది పది.

"రెండు వందలు ఇయ్యి నాయనా" అన్నాడు.

ఇక్కడే నా తప్పు. "జానెడు తీగకు రెండు వందలా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను, అలవాటుగా అన్నాను. ఆయన వాదించలేదు. "నీ ఇష్టం. ఎంతన్నా ఇయ్యి" అన్నాడు. నూట యాభై ఇచ్చాను. జేబులో పెట్టుకుంటూ, కొడుకు ఏం చేస్తాడని నేను అడిగిన మర్యాదప్రశ్నకు జవాబుగా, "మావోడు పార్టుల అంగడి పెట్టుకున్యాడు. ఈ పని నేర్చుకోమంటే వద్దన్యాడు. పార్టు మీద రేటు అచ్చేసి ఉంటాది. ఎవురూ బేరమాడరు" అన్నాడు.

కారు పెళ్ళివారి ఇంటికి మళ్ళుతుండగా పెద్దమ్మ అంది: "నిన్న ప్రొద్దుటూరులో ఆ తొమ్మిది వేలాయన కాడ బేరమాడినావా నాయనా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాస్తున్న వ్యాసమిది.

సంస్కృతంలో నిదానమంటే మూలకారణం. ఆయుర్వేదంలో రోగ కారణాన్ని, లక్షణాలను విచారించి రోగమేదో నిర్ణయించే విద్యకు అదే పేరు. మాధవకరుడు ఆ విద్యమీద రాసిన గ్రంథానికి మాధవనిదానమని ప్రసిద్ధి. ఆ మాట తెలుగులోకి వచ్చి మరొక అర్థం కూడా సంతరించుకుంది: తొందరపడకపోవడం, నెమ్మది. నిదానించి చూడడమంటే పరకాయించి చూడడం. రోగ కారణాన్ని కనిపెట్టడానికీ నెమ్మదిగా ఉండడానికీ మన వాడుకలో ఒకే మాట ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ వేపచెట్టు కింద రెండర్థాలూ ఒకే మనిషిలో కనిపించాయి. నిదానమే ప్రధానమని చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఆ ప్రధానానికి మాత్రం ధర కట్టం.

నా అభిప్రాయం ఇది. మరమ్మతు పనిలో రెండు భాగాలున్నాయి: లోపం ఎక్కడుందో కనుక్కోవడం, దాన్ని సరిచేయడం. మొదటిదానికి తెలివి, అనుభవం, సమయం కావాలి. రెండవదానికి చాలాసార్లు పానా, టేపు చాలు. మనం డబ్బిచ్చేది రెండవదానికి మాత్రమే. అందులోనూ చేతికి ఒక వస్తువు కనిపిస్తేనే. కొత్త మోటారును అట్టపెట్టెలోంచి తీసి చూపిస్తే తొమ్మిది వేలు న్యాయమనిపిస్తుంది. అరగంటసేపు తలుపు ఊపుతూ ఆలోచించిన మనిషికి రెండు వందలు అన్యాయమనిపిస్తుంది. ఈ పరిస్థితిలో పనివాడు ఏం నేర్చుకుంటాడు? ఆలోచించడం నష్టమని, వస్తువు అమ్మడం లాభమని నేర్చుకుంటాడు. ప్రొద్దుటూరు కుర్రవాడు మోసగాడని నేననుకోను. తలుపు విప్పి, అరగంట వెతికి, "తీగ తెగింది, రెండు వందలివ్వండి" అని ఉంటే నేను అతనితోనూ బేరమాడి ఉండేవాణ్ణి. అతన్ని ఆ పాఠం చదివించిన గురువుల్లో నేనూ ఒకణ్ణి.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. భాగాన్ని మార్చడమే సరైన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. అద్దాన్ని లాగే సన్నని ఉక్కుతాడు నారలు నారలుగా విడిపోతే, అద్దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ముక్క విరిగితే, దాన్ని అతికించడం నాలుగు రోజుల ముచ్చటే. వారంటీ ఉన్న కారుకు కత్తిరింపులు, అతుకులు తగవు. కొత్త కార్లలో కిటికీ మీటకు, మోటారుకు మధ్య చిన్న కంప్యూటరు ఉంటుంది; స్కానరు పెట్టి చూడక తప్పదు. అన్నీ ఒప్పుకుంటాను. కానీ స్కానరు ఫలానా దారిలో లోపముందని చెబుతుంది గానీ, రబ్బరు తొడుగులో మూడో తీగ తెగిందని చెప్పదు. అక్కడికి మళ్ళీ వేళ్ళే వెళ్ళాలి. పైగా నా విషయంలో మోటారు మార్చి ఉంటే, తొమ్మిది వేలు పోసిన తరువాత కూడా అద్దం లేచేది కాదు. తెగిన తీగ అలాగే ఉండేది కదా.

నిదానించడం మనకూ కొంత తెలిసి ఉంటే పనివాడికి న్యాయంగా డబ్బివ్వగలం. కాబట్టి ఆ పెద్దాయన వద్ద విన్నదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

అన్ని కిటికీలూ ఒకేసారి ఆగిపోతే తప్పు తలుపుల్లో వెతకనక్కరలేదు. ఫ్యూజు, రిలే, లేదా డ్రైవరు తలుపు మీది మీటల పెట్టె. డ్రైవరు మీటలతో పనిచేసి, వెనుకవాళ్ళ మీటలతో పనిచేయకపోతే, డబ్బు ఖర్చు పెట్టేముందు డ్రైవరు పక్కనున్న తాళం బొత్తాన్ని చూడండి. పిల్లలు అద్దాలు దించకుండా ఉండడానికి పెట్టిన బొత్తం అది. చెయ్యి తగిలి పడి ఉండవచ్చు. ఒక్క కిటికీయే ఆగిపోతే చెవి ఒగ్గి వినాలి. మోటారు తిరుగుతున్న సద్దు వచ్చి అద్దం కదలకపోతే రెగ్యులేటరు తెగింది. కరకరమంటే తాడు చిక్కుపడింది, లేదా పళ్ళు అరిగాయి. ఏ సద్దూ లేకపోతే దీపం పరీక్ష చేయాలి. దీపం మసకబారి అద్దం కదలకపోతే ఏదో బిగుసుకుంది. మసకబారకపోతే కరెంటు అందడం లేదు: మీట, తీగ, లేదా మోటారు లోపలి బ్రష్షులు. మీట నొక్కి పట్టుకుని తలుపు లోపలి అట్టమీద అరచేత్తో చరిస్తే మోటారు తిరిగిందంటే బ్రష్షులు అరిగాయని అర్థం. అది కొద్దిరోజుల అతిథి.

ఒక వైపే పనిచేస్తే మోటారు మీద నింద వేయకండి. ఈ మోటారుకు రెండు తీగలు. కరెంటు ఒకదానిలో వచ్చి రెండవదానిలో పోతే అద్దం ఎక్కుతుంది, తారుమారైతే దిగుతుంది. చాలా కార్లలో వెనుక తలుపు మీట నొక్కినా కరెంటు తిరుగుదారి డ్రైవరు మీటల పెట్టె గుండానే ఉంటుంది. అందుకే వెనుక కిటికీ జబ్బుకు మూలం ముందు తలుపులో ఉండవచ్చు. మధ్యలో రబ్బరు తొడుగులోనూ ఉండవచ్చు.

అద్దం నత్తనడక నడిస్తే మన జిల్లాలో మొదట అనుమానించవలసింది దుమ్మును. అద్దం జారే రబ్బరు గాడిలో బండల పొడి, రేగడి మన్ను చేరి గట్టిపడతాయి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాలి. నూనె, గ్రీజు పూస్తే ఆ పూటకు జారుతుంది. మరునాటికి రెట్టింపు దుమ్మును పట్టి ఉంచుతుంది. ఎండకోసం అంటించిన ఫిల్ము అంచులు లేచి గాడిలో ముద్దకట్టడం మరొక కారణం. పదేపదే నొక్కితే మోటారు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి కాసేపు ఆగిపోతుంది. పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయాలి. బ్యాటరీ తీసి పెట్టిన తరువాత ఒక్క నొక్కుతో ఎక్కే అద్దం ఎక్కడం మానితే అది రోగం కాదు, మరపు. మళ్ళీ గుర్తుచేసే పద్ధతి కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇక తలుపు అట్ట విప్పడం మాత్రం తెలిసినవాళ్ళకే వదలండి. ఆధారం లేని అద్దం వేళ్ళమీద కత్తిలా పడుతుంది.

ఆ పిల్లను సాక్షిగా పిలిచాం కాబట్టి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కార్లలో శక్తితో నడిచే కిటికీలు 1940లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీతో మొదలయ్యాయి. వాటి మీటలమీద మోకాలో మోచెయ్యో ఆనించిన పిల్లల మెడలు అద్దాల్లో ఇరుక్కుని ప్రాణాలు పోతుంటే, పైకి లాగితేనే అద్దం ఎక్కే మీటలుండాలని ఆ దేశం నియమం చేసింది 2006లో. అడ్డు తగిలితే తానే వెనక్కు తగ్గే అద్దం మన దగ్గర అమ్మే చాలా కార్లలో డ్రైవరు కిటికీకి మాత్రమే ఉంటుంది. పిల్లలు వెనుక ఉంటే తాళం బొత్తం వేసి ఉంచండి. తాళంచెవి కారులో వదిలి దిగకండి. బాగుపడిన అద్దం చెడిన అద్దం కన్నా ప్రమాదకరమని పులివెందుల పెద్దాయన కూడా మా మేనకోడలికి వేలు చూపించి మరీ చెప్పాడు.

ఇప్పుడు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఏ మరమ్మతుకు వెళ్ళినా ముందే చెబుతాను: "లోపం ఎక్కడుందో కనుక్కోండి. కనుక్కున్నందుకు ఇంత ఇస్తాను. వస్తువు కొనవలసి వస్తే దాని ధర వేరు." కొందరు వింతగా చూస్తారు. ఒకరిద్దరు మాత్రం చేతిలో ఉన్న పానా కింద పెట్టి, "ఎప్పుడు మొదలైంది సార్?" అని అడిగారు. ఆ ప్రశ్న వినబడిందంటే రోగం సగం కుదిరినట్టే. మీలో కార్లున్నవారు, లేనివారు కూడా, ఇంట్లో ఫ్యాను ఆగినా మిక్సీ ఆగినా ఇది పాటించి చూడండి. ఫలితం వ్యాఖ్యల్లో చెబితే సంతోషిస్తాను.

పులివెందులకు మళ్ళీ వెళ్ళింది మరుసటి సంవత్సరం. వేపచెట్టు కిందికి వెళ్ళి, బాకీ యాభై రూపాయలు ఇవ్వబోయాను. పెద్దాయనకు నేను గుర్తులేను. కారు తలుపు తెరిచి, రబ్బరు తొడుగు లాగి, తన అతుకును చూశాక గుర్తుపట్టాడు. యాభై తీసుకోలేదు. "అద్దం ఎక్కుతా ఉందా?" అని అడిగాడు. ఎక్కుతున్నదని చెప్పాను. కాదని, తానే ఒకసారి నొక్కి చూసుకుని, అప్పుడు తలుపు మూశాడు.